ఇద్దరి భుజాల మీద ఒకే గౌను

నేను ఒక నల్ల గౌనుని. వేడుకలకు వేసుకునే రకం కాదు, హైకోర్టు వకీళ్ళు కోటు మీద తగిలించుకునే రకం. ఎంత చదివిన వకీలైనా నేను భుజాన లేకపోతే అక్కడ నోరు విప్పడానికి వీల్లేదు. అందుకే మొదట్లో నాకు కాస్త పొగరుండేది. మనుషుల మాటకు విలువ నావల్లే వస్తుందనుకునేదాన్ని. ఇప్పుడా భ్రమ లేదు.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ముసలి దర్జీ నన్ను కుట్టాడు. మెడ వెనక కుచ్చులు కుదరక రెండుసార్లు విప్పి, మూడోసారి తనను తానే తిట్టుకున్నాడు. కుట్టించుకున్నది స్వర్ణలత. రామలింగం గారనే సీనియర్ లాయరు ఆఫీసులో అప్పుడే జూనియర్‌గా చేరింది. ఆమెతోపాటు చేరిన ఇంకో జూనియర్ మెర్సీ. ఇద్దరిదీ ఒకే హాస్టలు, ఒకే గది. చేరిన మూడో వారంలోనే మెర్సీ తన గౌనుని కోర్టుకు వెళ్ళే బస్సులో మరిచిపోయింది. అది మళ్ళీ దొరకలేదు.

"కొత్తదెందుకే? దీన్నే ఇద్దరం వాడుకుందాం" అంది స్వర్ణ.

అలా నాకు యజమానులు ఇద్దరయ్యారు. రోజూ పొద్దున బస్సులో ఆనాటి కేసుల జాబితా ముందేసుకుని నన్ను పంచుకునేవాళ్ళు. పన్నెండో నంబరుకు నువ్వు, ముప్పైకి నేను అని. ఒకరి పని అవగానే వరండాలో పరుగెత్తుకొచ్చి నన్ను రెండోవాళ్ళ మీద పడేసేవాళ్ళు. ఇద్దరి కేసులూ ఒకేసారి వచ్చాయా, నేను ఎవరి ఒంటిమీద ఉంటే వాళ్ళే రెండు హాళ్ళకూ వెళ్ళి, "మెర్సీ గారి తరఫున" అనో "స్వర్ణలత గారి తరఫున" అనో లేచి, రెండు వారాల గడువు అడిగి వచ్చేవాళ్ళు. వకీళ్ళలో ఇది మామూలే. ఒకరికి బదులు ఇంకొకరు నిలబడడం వీళ్ళకు అన్నం తిన్నంత అలవాటైపోయింది.

రెండో ఏడు ఆ ఆఫీసులోకి హరనాథ్ వచ్చాడు. నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. ఫైలు ఇచ్చేటప్పుడు కూడా "తీసుకోండి" అని రెండు చేతులతో ఇచ్చేవాడు. జడ్జీల ముందు గలగలా వాదించే మెర్సీ అతని ఎదురుగా కూర్చుంటే కాఫీ తాగడం కూడా మరిచిపోయేది. అతనంటే ఇష్టమని స్వర్ణకు చెప్పింది. స్వర్ణ నవ్వి ఏడిపించింది. అయితే అతను పక్కనుంచి వెళ్తే స్వర్ణ గుండె ఎలా కొట్టుకునేదో నాకు తెలుసు. నేను దాని మీదే ఉండేదాన్ని మరి.

ఒక శుక్రవారం బస్సులో మెర్సీ అంది. "నావల్ల కాదే. నా తరఫున అతన్ని నువ్వే అడుగు."

లోకంలో ఇంకెవరైనా అయితే ఆ మాట అనడానికి కాస్త జంకేవాళ్ళు. వీళ్ళకు జంకే తోచలేదు. స్వర్ణ కిటికీలోంచి బయటికి చూస్తూ, "సరేలే" అంది.

ఆ మధ్యాహ్నం కోర్టు క్యాంటీన్లో స్వర్ణ అడిగింది. బాగా అడిగింది. స్నేహితురాలి మంచితనం గురించి ఒక్క మాట తక్కువ చెయ్యలేదు. హరనాథ్ అంతా విని తల దించుకున్నాడు.

"మెర్సీ గారంటే నాకు చాలా గౌరవమండీ. అంతకుమించి లేదు. నొప్పించకుండా మీరే చెప్పండి." తలెత్తి, "మీరు మీ మాట చెప్పడానికి వచ్చారేమో అనుకున్నాను" అన్నాడు.

స్వర్ణ నన్ను ఒంటికి గట్టిగా చుట్టుకుని లేచి వచ్చేసింది.

తిరుగు బస్సులో మెర్సీ ఆత్రంగా ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏమన్నాడే?"

"రెండు వారాలు టైం అడిగాడు."

అది సగం జాలి, సగం ఆశ. మెర్సీని కాదన్నాడని చెబితే, తన మాట కోసం ఎదురుచూశాడన్న సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని ఆమె భయం. మెర్సీ మాత్రం సంతోషపడింది. గడువు అడిగారంటే కొట్టెయ్యలేదని అర్థం, దారి ఇంకా ఉందని అర్థం. కోర్టు ఆమెకు నేర్పింది అదే. రెండు వారాల తర్వాత మళ్ళీ అడిగింది. "ఇంకొంచెం ఆగమన్నాడు" అంది స్వర్ణ. మూడోసారీ అంతే.

ఈలోగా మెర్సీకి విశాఖపట్నంలో ఒక బ్యాంకులో లా ఆఫీసరు ఉద్యోగం వచ్చింది. కాలేజీ రోజుల నుంచే ఆ ఉద్యోగ పరీక్ష కోసం చదివింది. నెలాఖరులోగా చేరాలి. హరనాథ్ జవాబు రాకుండా ఊరు ఎలా వదలడం? ఆఫీసులో కూర్చుని, చేరలేనని మెయిల్ రాసింది. పక్క కుర్చీలో స్వర్ణ ఉంది, కుర్చీ వెనక నేను వేలాడుతున్నాను. స్వర్ణ నోరు తెరిచింది. చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని నేను లోలోపల మొత్తుకున్నాను. మెయిల్ వెళ్ళిపోయింది. స్వర్ణ నోరు మూసుకుంది.

రెండు నెలలకు హరనాథ్ వేరే ఆఫీసుకు మారుతూ అందరికీ మిఠాయి పంచాడు. మెర్సీ నన్ను చేతిమీద వేసుకుని, ధైర్యం చేసి అతని దగ్గరకు వెళ్ళింది.

"మీ జవాబు కోసం ఎన్నాళ్ళయినా ఆగుతానండీ."

అతను మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టేశాడు. "నేను ఆ రోజే చెప్పేశానండీ, స్వర్ణ గారితో. మీకు చెప్పలేదా?"

మెర్సీ వచ్చి నన్ను స్వర్ణ బల్ల మీద పెట్టింది. కేక వెయ్యలేదు. "నేను మెయిల్ పంపిన రోజు నువ్వు పక్కనే ఉన్నావు కదే?" అని మాత్రం అడిగింది. స్వర్ణ ఏడ్చింది. నా అంచుతోనే కళ్ళు తుడుచుకుంది. మెర్సీ ఆ సాయంత్రమే హాస్టలు ఖాళీ చేసింది. బ్యాంకువాళ్ళు ఆ పోస్టు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. హరనాథ్ చేసిన ఫోన్లు స్వర్ణ ఎత్తలేదు. ముగ్గురిలో ఒక్కరికీ ఏమీ దక్కలేదు. నాకు మనుషుల మీద కోపం రాలేదు, చాలా దిగులేసింది.

నెల గడిచింది. ఒకరోజు స్వర్ణ తన కేసు కోసం హాల్లో ఎదురుచూస్తోంది. మెర్సీ కేసు పిలిచారు. ఎవరూ లేవలేదు. బంట్రోతు రెండోసారి పిలిచాడు. స్వర్ణ ఆలోచించలేదు. అలవాటుగా లేచి నిలబడింది.

"మిలార్డ్, మెర్సీ గారి తరఫున..."

వెనక తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు వినపడింది. కొత్త గౌనులో, వగరుస్తూ మెర్సీ నిలబడి ఉంది.

"మిలార్డ్, నా తరఫున మాట్లాడమని నేనెవరికీ చెప్పలేదు. నేనే వచ్చాను."

స్వర్ణ కూర్చుంది. తర్వాత తన నంబరు పిలిచినప్పుడు లేవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. పని ముగిశాక బయటికి వచ్చి, నన్ను విప్పి వరండా బెంచీ మీద పెట్టి, వెనక్కి చూడకుండా బస్సెక్కింది. నేను లేకుండా కోర్టులో నోరు విప్పడానికి వీల్లేదు కదా, మర్నాడు నా కోసం వస్తుందనుకున్నాను. రాలేదు.