ఉతికేసిన సాక్ష్యం

లాండ్రీ కొట్టు నడిపే ఆవిడని వీధంతా మరకలమ్మ అంటుంది. కౌంటర్లో కూర్చునే ఆడపడుచు మాత్రం "వదినా" అంటుంది కాబట్టి మనమూ వదిన అనే అనుకుందాం. చొక్కా బల్ల మీద పడీ పడకముందే ఇది కాఫీ, ఇది సిరా, ఇది మీ ఆవిడది కాని లిప్‌స్టిక్కు అని తేల్చిపారేయగల మనిషి. మూడోది కాస్త గొంతు తగ్గించి చెబుతుంది. అలాంటి మనిషి, తన బ్రా లోపల ఎడమవైపు అంటిన ఎర్రటి చుక్కని చూసి, హుక్కు తుప్పు పట్టిందని సర్దిచెప్పుకుంది. హుక్కేమో వీపు మీద, చుక్కేమో ముందు. భయం పట్టుకుంటే ఎంతటివాళ్ళకైనా బుర్ర పనిచేయదు మరి.

చుక్క మళ్ళీ మళ్ళీ కనబడేసరికి ఆడపడుచుకి చెప్పక తప్పలేదు. ఆ పిల్ల అప్పటికప్పుడు కొట్టుకి తాళం వేసి వదినను ఆస్పత్రికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ చనుమొన నొక్కి చూసింది, ఏమీ రాలేదు. స్కాను తీసింది, ఏమీ కనబడలేదు. వదిన మొహం వెలిగిపోయింది. చెప్పులు వేసుకోబోతుంటే ఆడపడుచు అడ్డుపడింది.

"ఉండు వదినా. ఇందాక బాత్రూంలో అంతసేపు ఏం చేశావ్?"

"ఏం చేస్తానే, డాక్టరుగారు చెయ్యేసి చూస్తారు కదా అని గట్టిగా పిండేసి, శుభ్రంగా తుడుచుకొచ్చా."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. "సాక్ష్యాన్ని ఉతికి ఆరేసి వస్తే నేనేం తేల్చనమ్మా? పాలనాళం నిండుగా ఉంటేనే లోపల ఏముందో స్కానులో తెలిసేది. వారం రోజులు ముట్టుకోకుండా రండి."

మరకని చూస్తూ ఊరుకోవడం! వదినకి ప్రాణం పోయినంత పనయ్యింది. అయినా ఊరుకుంది. ఈసారి స్కానులో ఉబ్బిన నాళమూ, దాని గోడకి అంటుకుని మిరియపు గింజంత కండా కనబడ్డాయి. మత్తిచ్చి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా వదిన ఇస్త్రీ చేసిన దుప్పటినే మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేసింది. క్యాన్సరు అనే మాట నోటితో అనలేక "అది, అది" అంటూ తిరిగింది.

"పాపిల్లోమా అంటారు దీన్ని," అంది డాక్టరమ్మ. "నాళంలో మొలిచిన పులిపిరి లాంటిది. తీసిన ముక్కలో చెడ్డ కణాలేమీ లేవు."

"అయినా సరే, రొమ్ము మొత్తం తీసిపారేయండి. పీడా వదిలిపోతుంది."

"గుండీ ఊడిందని చొక్కా అవతల పారేస్తావా?" అని కసిరింది ఆడపడుచు.

"అంత అవసరమే లేదు," అంది డాక్టరమ్మ. "తీయకుండా ఆరు నెలలకోసారి స్కాను చేసి చూసుకోవచ్చు. లేదంటే చిన్న గాటు పెట్టి ఆ ఒక్క నాళం తీసేయొచ్చు. సూదికి దొరికింది ముక్కే కదా, మిగతాదాంట్లో ఏదైనా దాగి ఉండే అవకాశం కాస్త ఉంటుంది. పైగా మీకు రక్తం వస్తోంది. నన్నడిగితే తీయించుకోమంటాను. తొందరేం లేదు, ఆలోచించుకోండి."

వదినకి ఆలోచించడానికేం మిగల్లేదు. చూస్తూ కూర్చోవడం తనవల్ల కాదని ఆ వారంలోనే తేలిపోయింది. "ఆ నాళం తీసేయండి. అది మాత్రమే," అంది.

తీశారు. సాయంత్రానికే ఇంటికొచ్చేసింది. తీసినదంతా మళ్ళీ పరీక్షకి వెళ్ళింది. ఆ రోజుల్లో ఆడపడుచు నోటికి అడ్డూ అదుపూ లేదు. "మా వదినకీ డ్రైక్లీనింగ్ చేయించాం లెండి" అని వచ్చినవాళ్ళందరినీ నవ్వించింది.

కొట్టు కిటకిటలాడుతుండగా ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. ఎక్కడా చెడు లేదు, ఇక ఏడాదికోసారి మామూలు పరీక్ష చాలు. ఆ మాట పైకే చెప్పి వదిన వెనక్కి తిరిగింది. ఆడపడుచు నేల మీద చతికిలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏమే, జబ్బు నాదైతే ఏడుపు నీదా? ఇన్నాళ్ళూ నాకు ధైర్యం చెప్పింది నువ్వే కదా."

"నీకు చెప్పడానికి నేనున్నాను వదినా. నాకు చెప్పడానికి నువ్వు తప్ప ఎవరున్నారు? నిన్నెలా అడగను?"

వదిన చేతులు చాచింది. ఆ పిల్ల లేచి అమాంతం మీద పడబోయింది.

"అటు కుట్లున్నాయే. ఇటు రా," అని కుడి భుజం ఇచ్చింది.