చప్పుడు లేని మోటారు

విదేశీ కంపెనీ పెట్టుబడి పెడుతుందని తేలినప్పటినుంచి బావ కాళ్లు నేలమీద ఆనడం లేదు. ఫ్యాన్ల కంపెనీ ఆయనది. అందులో కొత్త మోటార్లు తయారుచేసే పని మరదలిది. చప్పుడు చేయని మోటారు కోసం ఆ ఇంజనీరమ్మ ఏళ్లతరబడి వెనకగదిలో తల బద్దలు కొట్టుకుంది. పని దాదాపు అయిపోయింది. చిన్న గురక మిగిలింది, అంతే.

జ్వరానికి సెలవు పెట్టి తిరిగొచ్చేసరికి గదిలో బల్లల్లేవు, పనిముట్లు లేవు. తెల్ల సోఫాలు, మూలన ఒక ఉత్తుత్తి జలపాతం ఉన్నాయి.

"నా మోటారేది బావగారూ?"

"పాతసామాను వాడికి ఇచ్చేశానమ్మాయ్. దొరలొచ్చి కూర్చోవద్దూ? అంతటివాళ్లు వస్తుంటే ఇంకా మనం కనిపెట్టడమేమిటి?"

బుర్రున్న మనిషి అనే మాట కాదది. ఆయన గర్వంగా అన్నాడు.

తీరా చూస్తే, కొత్త మోటార్లు తయారయ్యే గదే ముందు చూస్తామని దొరల దగ్గర్నుంచి కబురొచ్చింది. బావకి ముచ్చెమటలు పోశాయి. సినిమా సెట్లు వేసేవాణ్ణి పట్టుకొచ్చాడు. వాడు బల్లలు వేసి, పానాలు పరిచి, కుంచెతో గ్రీజు కూడా పూశాడు. మధ్యలో తళతళలాడే ఖాళీ డబ్బా పెట్టాడు.

"ఇదే నీ మోటారు. నోరు మెదపకు" అన్నాడు బావ.

దొర ఒక్క మాటంటే ఈ గది మళ్లీ తనదవుతుందన్న ఆశతో, ఆమె పళ్లబిగువున ఊరుకుంది.

దొర వచ్చి డబ్బాకి చెవి ఆనించాడు. చప్పుడే లేదని పొంగిపోయాడు. బావ మీసం దువ్వాడు. అది చూసి ఆమెకి అసహ్యం పుట్టింది. మూత ఊడదీసింది.

"లోపల ఏమీ లేదండీ. ఉన్నదాన్ని ఈయన తగలేశారు. గది నాకిప్పించండి, మళ్లీ చేస్తాను."

దొర వెంట వచ్చిన దుబాసీ పొల్లుపోకుండా చెప్పాడు. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

దొర డబ్బాలోకి తొంగిచూశాడు. అటూ ఇటూ తిప్పి వేలితో కొట్టి చూశాడు. కోపమేమీ లేదు. ఏదో చెప్పాడు. దుబాసీ తెలుగులో అన్నాడు:

"మోటార్లు మీకెందుకమ్మా, మా దేశం నుంచి పంపిస్తాం అంటున్నారు. డబ్బా మాత్రం చక్కగా కుదిరిందట. ఇకమీద మీరు ఇవే చేయాలట."

బావకి పోయిన ప్రాణం లేచొచ్చింది. మరదలి చేతిలోంచి మూత లాక్కుని, చొక్కా అంచుతో తుడిచాడు.

"ఏ రంగువి కావాలో అడగవయ్యా!" అని దుబాసీని తొందరపెట్టాడు.