పాస్టరమ్మ గోలీలు

పాస్టర్ రత్నాకర్ ప్రసంగమంటే సిద్దిపేట చుట్టుపక్కల జనం చెవి కోసుకుంటారు. ఆయన పెద్ద పెద్ద మాటల జోలికి పోడు. ఎక్కిన బస్సు, తాగిన చాయ్, పంక్చరైన బండి, ఏది ఎదురైతే అందులోంచే దేవుడి వాక్యం తీస్తాడు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిన కొత్తలో జీరో టికెట్ మీద ముప్పావు గంట చెప్పాడు. పైసా అడగరు, కానీ చెయ్యి చాపి టికెట్ తీసుకోవాల్సిందే, దేవుడి కృప కూడా అంతే అన్నాడు. ఆ మాట తొగుట దాకా పాకింది. మంచి మాటే, కాదనడానికి లేదు.

అయితే ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ఇంట్లోనే ఉంది, భార్య సౌమ్య. పెళ్లయిన కొత్తలో ఆమెకు ఫిట్స్ వచ్చేవి. అన్నం వండుతూ వండుతూనే పడిపోయేది. "ప్రార్థన చేసినం. ఏండ్లాయె, మల్ల ఒక్కపారన్న రాలే," అని ఆయన చెయ్యెత్తగానే జనం స్తోత్రం అంటారు. అందులో అబద్ధం వెతికితే దొరకదు. ప్రార్థన చేసిన మాట నిజం, ఫిట్స్ రాని మాటా నిజమే. డాక్టరు రాసిచ్చిన గోలీలు ఆమె ఇప్పటికీ పొద్దునొకటి, రాత్రొకటి మింగుతున్న సంగతి మాత్రం ఆయన నోట రాదు. గోలీ పేరెత్తితే ప్రసంగం చప్పబడుతుందని కాబోలు! చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా?

ఆ శుక్రవారం దుబ్బాకలో ప్రార్థన కూటం. హైదరాబాద్ నుంచి సంఘ పెద్ద కర్ణాకర్ అయ్యగారు వస్తున్నాడని రత్నాకర్ బండి మీద ముందే పోయాడు. సౌమ్య వెనకాల బస్సెక్కింది. ఆమె పక్కన సిద్ధమ్మ వచ్చి కూర్చుంది. దుబ్బాకలో మగ్గం నేసే ఇంటి మనిషి, నుదుటి బొట్టు తీయలేదు గానీ ఈ మధ్య కూటానికి తప్పకుండా వస్తోంది. ఆరేళ్ల కూతురు ప్రవీణ ఆమె ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతోంది. ఆ పిల్లకూ ఫిట్సే.

బస్సు కదిలిందో లేదో సిద్ధమ్మ సంబరంగా చెప్పింది. "అమ్మగారూ, పోయిన ఆదివారం సంది పిల్లకు గోలీలు బంద్ వెట్టిన. ఉన్నయన్ని మోరీ నీళ్లల్ల పారేసిన. మీకు తగ్గినట్లె నా బిడ్డకు గూడ తగ్గుతది."

సౌమ్య గబుక్కున పిల్ల నుదురు తాకి చూసింది. ఉన్నట్టుండి మందు ఆపితే ఫిట్స్ మునుపటికన్నా గట్టిగా వస్తాయని, ప్రాణానికే ముప్పని డాక్టరు ఆమెకు మొదటి రోజే చెప్పాడు. తానూ రోజూ మింగుతున్నానని చెప్పింది. సంచీలోంచి గోలీల పట్టీ తీసి చూపించింది. సిద్ధమ్మ నవ్వేసి, తన విశ్వాసానికి పరీక్ష పెడుతున్నారని అనుకుంది. పాస్టరయ్య అబద్ధమాడతాడా అని ఎదురు ప్రశ్న వేసింది. సౌమ్య ఎంత మొత్తుకున్నా ఆ తల్లి తల అడ్డంగానే ఊపింది. మైకులో చెప్పిన మాట ముందు బస్సులో చెప్పిన మాట ఏపాటి!

దుబ్బాకలో దిగగానే సౌమ్య భర్తను షామియానా వెనక్కి పిలిచి సంగతి చెప్పింది. రత్నాకర్ చెడ్డవాడేం కాదు, పేరంటే మాత్రం ఆశ. పెద్దయ్యగారు ఎదురుగా కూర్చుని ఉన్నాడు, ఇవాళ మాత్రం వద్దు, కూటం అయ్యాక సిద్ధమ్మ ఇంటికే పోయి మెల్లగా చెబుతానని బతిమాలాడు.

"గీమె ఒక్కతేనా? ఇంకెందరు పారేసిన్రో మీకెరుకనా?" అంది సౌమ్య.

ఆయన ఈ ఒక్కపూట ఊకో అని మళ్లీ అన్నాడు. సౌమ్యకు ఒళ్లు మండింది. భర్త పరువు పోతే తన పరువూ పోతుందని, రేపటి నుంచి సంఘంలో తన మొహం చూసే దిక్కు ఉండదని ఆమెకు తెలియక కాదు. పిల్లకు ఏమైనా అయ్యాక ఆ పరువును ఏం చేసుకోవాలి?

దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. మగవాళ్లయ్యాక ఆడవాళ్లను పిలవడం రివాజు. సౌమ్య ఎవరూ పిలవకముందే లేచి మైకు అందుకుంది.

"ప్రార్థన నిజమే. నాకు ఫిట్స్ వస్తలేవన్నది నిజమే. గోలీలు గుడ నిజమే. రోజు రెండు మింగుత. ఇయ్యాల పొద్దుగాల గుడ మింగిన. దేవుడు నన్ను డాక్టరు చేతులతోనే బతికిచ్చిండు. ఎవలన్న మందు బంద్ వెడితె, ఇప్పుడే దవాఖానకు పోన్రి."

పెద్దయ్యగారు రత్నాకర్ వైపు చూశాడు. రత్నాకర్ గబగబా ఇంకో మైకు అందుకుని పాట ఎత్తుకున్నాడు. ఒకటి రెండు గొంతులు కలిశాయి. సౌమ్య కూర్చోలేదు, నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు.

పాట మధ్యలో సిద్ధమ్మ లేచింది. "అయ్యగారూ, గామె చెప్పేది నిజమా?"

పాట ఆగిపోయింది. రత్నాకర్ భార్యను చూశాడు, సిద్ధమ్మ భుజం మీది పిల్లను చూశాడు.

"నిజమే," అన్నాడు. "గోలీల ముచ్చట నేనే చెప్పలే."

సిద్ధమ్మ ఇంకో మాట వినలేదు. పిల్లను ఎత్తుకుని బయటికి నడిచింది. ఆశీర్వాద ప్రార్థన కాకముందే పాస్టరమ్మ లేచి వెళ్లడం ఆ సంఘంలో ఎన్నడూ లేదు. సౌమ్య మైకు కుర్చీలో పెట్టి ఆమె వెంటే పోయింది.

ఇద్దరూ దవాఖాన బాట పట్టారు. పిల్ల బరువుకు సిద్ధమ్మ రొప్పుతోంది. మూలమలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇన్నేండ్లు ఆయన చెప్తుంటె నువ్వు ఏడున్నవు?"

"ముందటి వరుసల కూసున్న," అంది సౌమ్య. "అందరితోని స్తోత్రం అన్న."

సిద్ధమ్మ రెండడుగులు వెనక్కి వచ్చింది. నిద్రపోతున్న పిల్లను ఆమె చేతుల్లో పెట్టింది.

"అయితె మొయ్యి," అంది.