రంద ఎందుకిచ్చాడు?

నన్ను ఊరంతా గొంతక్క అంటారు. పిండిమిల్లు నడుపుతాను. ఆ మోత మీద నుంచి మాట్లాడీ మాట్లాడీ గొంతు ఇలా తయారైంది. నేను గుసగుసలాడినా వీధి చివరిదాకా వినిపిస్తుందని ఆటపట్టిస్తుంటారు. వినిపించనీ. ఈ ఊళ్ళో గుసగుసలకేం కొదవ లేదు, గట్టిగా మాట్లాడేవాళ్ళకే కరువు.

ఆ రోజు పొద్దున పాలాయన గోధుమల డబ్బా వరసలో పెట్టి, చంకలోంచి గుడ్డమూట ఒకటి తీశాడు. "మీ అన్న ఎంత మంచోడక్కా! ఊరికే ఇచ్చేశాడు" అంటూ విప్పి చూపించాడు. లోపల మా అన్నయ్య రంద ఉంది.

చెక్కని చిత్రిక పట్టే రంద అది. మా నాన్న చేతిలోంచి అన్నయ్య చేతికొచ్చింది. అరచెయ్యి ఆనే చోట అరిగి అరిగి నున్నగా గుంట పడింది. వడ్రంగి పనిలో అన్నయ్యకి ఏది లేకపోయినా గడిచేది గానీ అది లేకపోతే గడిచేది కాదు. కన్నకొడుకు ముట్టుకున్నా "చెయ్యి తియ్యరా" అని కసిరేవాడు. చిన్నప్పుడు నేను దాంతో ఆడుకోబోతే వీపు విమానం మోత మోగించాడు. అలాంటిది పాలాయన చంకలో ఉంది!

"నీకెందుకయ్యా ఇది? గేదెలకి చిత్రిక పడతావా?" అన్నాను.

"గుర్తుగా ఉంచుకోమన్నాడక్కా" అన్నాడు ఇకిలిస్తూ.

ఇంతలో వరసలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే అందుకున్నారు. ఒకామెకి ఉలులు ఇచ్చాడట. ఇంకొకామె మరిదికి పెద్ద రంపం. చెక్క చెక్కే బాడిసని కాంట్రాక్టరు గారు హాల్లో గోడకి తగిలించుకున్నారట, ఎంత అందంగా ఉందోనట! "వయసు మీద పడ్డాక మనిషికి అలాంటి వైరాగ్యం రావాలి" అని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. వైరాగ్యమట, వీడి మొహం!

నిరుడు తాపీమేస్త్రి కూడా ఇలాగే పంచిపెట్టాడు. అందరూ మహానుభావుడన్నారు, అందినకాడికి పట్టుకుపోయారు. కోతలు రాకముందే ఆయన్ని మోసుకెళ్ళారు. ఏమైందంటే కడుపునొప్పి అన్నారు. అంతకుముందు మోటార్లు బాగుచేసే పెద్దాయన పోతే అప్పుడూ కడుపునొప్పే. ఏం చోద్యమో, ఈ ఊళ్ళో వయసు మళ్ళిన మగాళ్ళందరికీ ఒకటే జబ్బు! పోలీసులకి అదే మాట, చుట్టాలకి అదే మాట. పెళ్ళాలు ఏడుస్తూ కూర్చుంటే వాళ్ళకీ అదే నేర్పించారు. మనిషి పోయినా పరవాలేదు గానీ పరువు పోకూడదు కదా వీళ్ళకి.

మిల్లు స్విచ్చి ఆపేశాను. "నా డబ్బా సగంలో ఉందక్కా!" అని ఎవరో అరిచారు. "ఉండనీ" అని చెప్పులేసుకున్నాను.

వదిన పోయాక అన్నయ్య కొడుకు దగ్గరే ఉంటున్నాడు. తిండికి లోటు లేదు, బట్టకి లోటు లేదు. అన్నయ్య పని చేసుకునే షెడ్డులో మా మేనల్లుడు ఫ్యాక్టరీ తలుపుల దుకాణం పెట్టాడు. నేను వెళ్ళేసరికి ప్లాస్టిక్ కవర్లు చుట్టిన తలుపులు గోడలకి ఆనించి బారులు తీరి ఉన్నాయి. నేల అద్దంలా తుడిచి ఉంది, మందుకి వెతికినా ఒక్క చెక్కపొట్టు లేదు. మూలన కుర్చీలో అన్నయ్య, మాసిన గడ్డంతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"రా అత్తా!" అన్నాడు మేనల్లుడు. "నాన్న ఎంత మారిపోయాడో చూశావా? ఎవరి మీదా అరవడం లేదు. పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఎంత ప్రశాంతంగా ఉన్నాడో!"

"మీ నాన్న పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా ప్రశాంతంగా ఉన్నాడట్రా? మంచినీళ్ళు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి!"

నేను అన్నయ్య ఎదురుగా నేల మీద చతికిలబడ్డాను.

"ఎలా ఉన్నావన్నయ్యా?"

"నాకేం చిట్టీ, బానే ఉన్నాను. కాస్త కడుపులోనే బాలేదు."

"గ్యాస్ అత్తా" అన్నాడు మేనల్లుడు. "మందుల షాపులో బిళ్ళలు తెచ్చిచ్చాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్ళీ కడుపేనా? ఇక డొంకతిరుగుడు ఎందుకని సూటిగా అడిగేశాను. "అన్నయ్యా, చచ్చిపోదామనుకుంటున్నావా?"

"అత్తా!" అని మేనల్లుడు ఎగిరిపడ్డాడు. "ఏం మాటలవి? లేనిపోని ఆలోచన నువ్వే పెట్టేలా ఉన్నావు!"

"నోర్ముయ్యరా! నేను పెట్టేదేంటి? అడగనిదే తెలుస్తుందా?"

అన్నయ్య తన చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత మెల్లిగా అడిగాడు.

"నీకెవరు చెప్పారు?"

కొట్టిపారేస్తాడేమో, నన్ను తిడతాడేమో అని అప్పటిదాకా లోపల ఎక్కడో చిన్న ఆశ ఉండేది. అదీ పోయింది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "నీ రంద పాలాయన చంకలో కనపడిందన్నయ్యా. ఇంకెవరు చెప్పాలి?" అన్నాను.

"చెయ్యి వణుకుతోంది చిట్టీ" అన్నాడు. "గీత గీస్తే వంకర పోతోంది. వీడు కుర్చీ వేసి, ఇక కష్టపడకు నాన్నా, కూర్చో అన్నాడు. ప్రేమగానే అన్నాడులే, వాడి తప్పేం లేదు. కూర్చున్నాను. పొద్దున్నే మెలకువొస్తుంది, ఎందుకు లేవాలో తెలీదు. మీ వదినుంటే తిట్టి లేపేది. ఇప్పుడు నన్ను తిట్టేవాళ్ళూ లేరు, నేను తిట్టడానికీ ఎవరూ లేరు. ఈ కుర్చీ తీసేస్తే ఇక్కడ ఇంకో రెండు తలుపులు పడతాయి."

మేనల్లుడు వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. "నాకు చెప్పలేదేంటి నాన్నా" అంటాడు, మళ్ళీ ఏడుస్తాడు. అడగలేదేంట్రా అనబోయి ఊరుకున్నాను.

"ఏడుపు తర్వాత. ఆటో మాట్లాడుకుని మిల్లు దగ్గరికి తీసుకురా. టౌనులో మనసు బాగోకపోతే చూసే డాక్టరమ్మ ఉంది, ఇప్పుడే వెళ్ళాలి. అక్కడా ఇక్కడా నాన్న చెయ్యి వదలకు" అన్నాను.

"పిచ్చి డాక్టరు దగ్గరికా?" అన్నయ్య బెదిరిపోయాడు. "ఊళ్ళో తెలిస్తే?"

"తెలియడమేంటి, నేనే చెప్తాను. చెయ్యి విరిగితే దాచుకుంటావా?" అని రెక్క పట్టుకుని లేపాను.

అన్నయ్యతో మిల్లు దగ్గరికొచ్చేసరికి జనం ఇంకా అలాగే ఉన్నారు, పైగా కాంట్రాక్టరు గారు కూడా వేంచేశారు. "పని మధ్యలో మిల్లు ఆపడమేంటమ్మా?" అన్నాడు.

"మా అన్నయ్య పనిముట్లు అన్నీ వెనక్కొచ్చేదాకా ఇది తిరగదు. మీ గోడ మీద బాడిసతో సహా."

"ఇచ్చినవి వెనక్కి అడగడం మర్యాదేనా?"

"బతికున్న మనిషి తన వస్తువులన్నీ ఊరికే పంచిపెడుతుంటే, ఏమైందయ్యా నీకు అని అడగకుండా పట్టుకుపోవడం మర్యాదా? నిరుడు మేస్త్రి విషయంలోనూ ఇదే మర్యాద చేశారుగా!"

"నలుగురిలో ఆ సంగతులెందుకు?" అని గొంతు తగ్గించాడు. "ఆయనకి పాపం కడుపునొప్పి..."

"కాదు."

వెనక నుంచి వచ్చిందా మాట. మేస్త్రి భార్య. డబ్బా చంకన పెట్టుకుని వరస చివర నిలబడి ఉంది. ఆయన పోయాక ఈవిడ గొంతు ఎవరమూ సరిగ్గా విననేలేదు.

"కడుపునొప్పి కాదు. మీరు చెప్పమన్నారు, నేను చెప్పాను. ఆయన తాపీ మీ చేతిలో పెట్టిన రోజు, మీకు టీ ఇచ్చింది నేనేనండీ. మీరూ నవ్వారు, ఆయనా నవ్వాడు" అంది కాంట్రాక్టరుతో. తర్వాత మా అన్నయ్య వైపు తిరిగింది. "నిన్ను అడిగేవాళ్ళు ఒకరున్నారు, నువ్వు చెప్పావు. అది చాలన్నయ్యా. వెళ్ళు, డాక్టరుకి కూడా చెప్పు."

కాంట్రాక్టరు తల దించుకుని ఇంటిదారి పట్టాడు. పాలాయన వచ్చి మూట విప్పి, రందని నా మిల్లు అరుగు మీద పెట్టాడు. "నాకు తట్టలేదక్కా, నిజంగా తట్టలేదు" అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు చూసి ఇక తిట్టలేకపోయాను.

ఆటో వచ్చింది. మేనల్లుడు చెయ్యి పట్టుకుని ఎక్కించుకున్నాడు. అన్నయ్య సీట్లో కూర్చుని అరుగు వైపు చూశాడు, చూస్తూనే మొహం చిట్లించాడు.

"ఎవడ్రా దాన్ని పిండిలో పెట్టింది? చెమ్మకి బ్లేడు తుప్పు పడుతుంది. చిట్టీ, కాస్త నూనె రాసి పక్కన పెట్టు."

"నేను రాయను" అన్నాను. "నీ రందకి సేవలు చెయ్యడానికి నాకేం పనీపాటా లేదనుకున్నావా? నువ్వే వచ్చి రాసుకో."

"తుప్పు పట్టిందంటే మాత్రం నీ పని చెప్తాను!"

"చెప్పు! వచ్చి చెప్పు!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచాను.

సాయంత్రం మందుల సంచితో తిరిగొచ్చాడు. డాక్టరమ్మ చాలాకాలం తిరగాలందట, ఒంటరిగా ఒక్కక్షణం వదలొద్దందట. ఆటో దిగి తిన్నగా అరుగు దగ్గరికొచ్చి, రంద తిప్పి చూసి, అంతమంది ముందూ నన్ను వాయించి వదిలాడు. బుద్ధుందా అన్నాడు. నాన్న ఉంటే నీ వీపు చీరేసేవాడన్నాడు.

నేను ఏడుస్తూ నిలబడి, ఆ తిట్లన్నీ తిన్నాను. తర్వాత నూనె సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.