ఉన్నచోట పెట్టెయ్

కుళాయి తిప్పి, నీళ్ళలో తుప్పు రంగు పోయేదాకా చక్రం అక్కడే నిలబడ్డాడు. నిలబడ్డాడని పేరేగానీ, ఆ రెండు నిమిషాల్లోనే ఒకసారి గదిలోకి వెళ్ళి ఫ్యాను వేశాడు, వెనక్కి వచ్చి నీళ్ళ కింద వేలు పెట్టి చూశాడు, మళ్ళీ వెళ్ళి ఫ్యాను ఆపాడు. ఎకనామిక్స్ డిపార్ట్‌మెంటులో ముప్పై ఒక్కేళ్ళుగా అటెండరు. కాలు ఒకచోట నిలవదని ఏ బ్యాచి విద్యార్థులో పెట్టిన పేరు అది. అసలు పేరు సర్వీసు పుస్తకంలో భద్రంగా ఉంది. దానితో ఇంతవరకు ఎవరికీ పని పడలేదు.

విదేశాల నుంచి ఉపన్యాసాలివ్వడానికి వచ్చే ప్రొఫెసర్లకు డిపార్ట్‌మెంటు వెనకున్న ఈ గెస్ట్ హౌస్ గదే విడిది. దాన్ని సిద్ధం చేసే పని మొదటినుంచీ చక్రానిదే. దుప్పటి రెండు పక్కలా సమానంగా వేలాడాలి. తువ్వాళ్ళు రెండు, పెద్దది కింద, చిన్నది పైన. సబ్బు కొత్తదే పెట్టాలి, కానీ కాగితం విప్పి పెట్టాలి. తడి చేతులతో అది చిరగక ఒకాయన పళ్ళతో కొరికి, రోజంతా నోరు పుక్కిలిస్తూ తిరిగాడు. వేడినీళ్ళ కుళాయికి ఎర్ర చుక్క ఉండాలి. చివరగా గదిలోని మూడు ప్లగ్ పాయింట్లనూ టెస్టరుతో చూడాలి. ఎంత పెద్ద మేధావి అయినా గదిలో అడుగు పెట్టగానే వెతికేది కిటికీనీ కాదు, మంచాన్నీ కాదు, ప్లగ్ పాయింటునే. ముప్పై ఒక్కేళ్ళలో అర్థశాస్త్రం గురించి చక్రానికి బోధపడింది ఇదొక్కటే.

ఈరోజు ఒక చేత్తో టెస్టరు పట్టుకునే, రెండో చేత్తో చొక్కా జేబు తడుముకున్నాడు. ఉంది. పొద్దుట్నుంచి ఇది ఎన్నోసారో అతనికే తెలియదు.

జేబులో ఉన్నది రుమాల్లో చుట్టిన బూడిద రంగు ప్లగ్గు. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. ఒకవైపు ఇక్కడి గోడలకు సరిపోయే మూడు పిన్నులు, రెండోవైపు పరాయి దేశపు పిన్నులు దూరడానికి రెండు గుండ్రటి చిల్లులు. పంతొమ్మిదేళ్ళు బీరువాలో బట్టల కింద ఉండి ఈ ఉదయమే బయటికొచ్చింది. దాన్ని పోగొట్టుకున్న ఆవిడ ఇన్నేళ్ళకు మళ్ళీ వస్తోంది మరి.

అప్పుడు ఆవిడకు నలభై ఉంటాయేమో. నాలుగు రోజులుండి, వెళ్ళేముందు ఆఫీసులో మర్యాదగానే అడిగింది, నా ప్లగ్గు కనిపించడం లేదు, ఎవరైనా చూశారా అని. అడిగి కారెక్కింది. కారు మలుపు తిరగ్గానే అప్పటి హెడ్డు చక్రాన్ని గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. చెడ్డవాడు కాదాయన. కేకలేసే మనిషీ కాదు. భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు.

"నువ్వు తీశావని నేననడం లేదు. ఉన్నచోట పెట్టెయ్. ఎవరూ ఏమీ అనరు."

తిడితే తిరిగి ఏదో ఒకటి అనేవాడు. భుజం మీద చెయ్యి వేసినవాణ్ణి ఏమంటాం? మూలన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న కొత్త లెక్చరరు తలెత్తి చూడలేదు. మర్నాటి నుంచి గెస్ట్ హౌస్ తాళంచెవి చక్రం నడుము నుంచి ఆఫీసు గోడ మేకుకు మారింది. ఎందుకని ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. ఇప్పటికీ అది ఆ మేకుకే ఉంటుంది.

అదంతా ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఆ సాయంత్రం ఇంట్లో విన్నాడు. జరిగింది మొత్తం చెబితే, భార్య బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపి, "తీయలేదు కదా?" అంది.

అంతే. మళ్ళీ ఎన్నడూ ఆ ప్రశ్న అడగలేదు. కానీ ఆ 'కదా' ఎందుకొచ్చింది? పన్నెండేళ్ళు కలిసి కాపురం చేసిన మనిషి నోట్లోకి ఆ రెండక్షరాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఆ రోజు ఆమె నాలుగు దెబ్బలు కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదని చక్రం ఇప్పటికీ అనుకుంటాడు.

ఎనిమిది రోజుల తర్వాత గదిలో సోఫాకు గుడ్డ మార్పించడానికి దిండు లేపితే కింద ఈ ప్లగ్గు కనిపించింది. గంతెయ్యబోయినవాడు అక్కడే ఆగిపోయాడు. ఇప్పుడు పట్టుకెళ్ళి చూపిస్తే, చెప్పాను, పెట్టేశాడు అంటారు. దొరక్కపోతే దొంగ, దొరికితే గట్టి దొంగ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దాన్ని ఆవిడ చేతికే ఇవ్వాలి. సోఫాలో ఉండిపోయిందా అని ఆవిడ తన నోటితో అనాలి. ఆ మాట తీసుకెళ్ళి ఇంట్లో అప్పజెప్పాలి. ఇలా అనుకునే దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, భార్య ఎదుటే బీరువాలో పెట్టాడు. ఆవిడ మరి రాలేదు. ఆ మాటన్న హెడ్డు రిటైరై, నిరుడు కాలం చేశాడు. చక్రం రిటైర్మెంటుకు ఇంక నాలుగు నెలలుంది. పోయిన వారం నోటీసు బోర్డుకు కాగితం అంటిస్తుంటే అందులో ఆవిడ ఫొటో ఉంది. ఆ పూట అతను మూడుసార్లు వెళ్ళి అదే కాగితాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కి అంటించాడు.

తొమ్మిదింటికి కారొచ్చింది. ఆవిడ జుట్టు పూర్తిగా తెల్లబడింది, నడకకు చేతికర్ర తోడయింది. చక్రం పెదాలు కదుపుకుంటూ ముందుకెళ్ళాడు. మరదలి కూతురి దగ్గర కూర్చుని వారం రోజులు బట్టీ పట్టిన వాక్యం అది: దిస్ ఈజ్ యువర్స్ మేడమ్, ఐ ఫౌండ్ ఇట్ ఇన్ సోఫా. 'దిస్' అనేలోపే ఇప్పటి హెడ్డు, ఒకప్పుడు మూలన పేపర్లు దిద్దుకున్న లెక్చరరే ఈయన, పుష్పగుచ్ఛంతో అడ్డమొచ్చాడు.

"చక్రం, ముందు బ్యాగు గదిలో పెట్టవయ్యా. నిలబడి చూస్తావేం?"

ఆవిడ చక్రాన్ని చూసి నవ్వింది. కారు డ్రైవరుకేసి నవ్విన నవ్వే అది కూడా. గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాలని అతనూ అనుకోలేదు గానీ, మనసు చిన్నబోయింది. ఆవిడ గదిలోకి రాగానే గోడలన్నీ కలియజూసింది. చక్రం మంచం పక్కనున్న ప్లగ్ పాయింటు చూపించాడు. ఆవిడ తృప్తిగా తల ఊపింది. హెడ్డు మరో ఇద్దరు మేష్టర్లతో గుమ్మంలో నిలబడి ఎండల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు, కదిలే సూచన లేదు. చక్రం చెయ్యి జేబుదాకా వెళ్ళి తిరిగొచ్చింది. అంతమందిలో చెప్పే మాట కాదది. అయినా హెడ్డు వినాలి. కానీ వేరే ఎవరూ వినకూడదు.

పదకొండుకు సెమినార్ హాల్లో ఉపన్యాసం. రేవుల్లో దిగిన సరుకు చేరాల్సిన చోటికి చేరకుండా ఎందుకు ఆగిపోతుందీ అని విషయం. మైకు సరిచేసి, ఆవిడ కంప్యూటరు తీగ గోడకు పెట్టడానికి వంగిన చక్రం అలాగే ఉండిపోయాడు. తీగ చివర పిన్నులు బల్లపరుపుగా ఉన్నాయి, రెండు సన్నటి రేకుల్లా. దాన్ని ఆవిడ తన తెల్ల ప్లగ్గులో గుచ్చి చేతికిచ్చింది. జేబులో ఉన్నదానివేమో గుండ్రటి చిల్లులు.

రేకులు గుండ్రటి చిల్లుల్లో పట్టవు. ఆ సంగతి అతనికి చెప్పక్కర్లేదు, ఎన్ని దేశాల ప్లగ్గులు చూశాడు! అయినా మనసు ఒప్పుకోలేదు. పంతొమ్మిదేళ్ళాయె, కంప్యూటర్లు మారాయి, పిన్నులూ మారి ఉంటాయి అని సర్దిచెప్పుకున్నాడు.

ఆ తర్వాత హాల్లో ఉండబుద్ధి కాలేదు. వెనక తలుపు దగ్గర కాసేపు, వరండాలో కాసేపు. నిండుగా ఉన్న నీళ్ళ సీసానే తీసుకెళ్ళి మళ్ళీ నింపుకొచ్చాడు. ఫోను మోగింది.

"ఇచ్చారా?" అంది భార్య.

"ఉపన్యాసం నడుస్తోంది."

"ఇంకెప్పుడిస్తారు? ఆవిడ విమానమెక్కాక కింద నుంచి విసురుతారా?"

"ఇస్తానన్నాగా. పని చేసుకోనీ."

"నాకేం, మీరే రాత్రంతా దొర్లారు. నిద్ర లేక నాకు తల పగిలిపోతోంది."

భోజనాల దగ్గర అసలే కుదరలేదు. బెల్లం చుట్టూ ఈగల్లా మేష్టర్లంతా ఆవిడ చుట్టూ చేరారు. ఒకాయన తన వ్యాసం ఎక్కడ అచ్చేయించాలో అడుగుతూ ఆవిడను ముద్ద నోట్లో పెట్టుకోనివ్వలేదు. చక్రం మంచినీళ్ళు పొయ్యడానికి నాలుగుసార్లు వెళ్ళాడు. నాలుగోసారి ఆవిడ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టేసింది.

నాలుగింటికి కారు గుమ్మంలో సిద్ధంగా ఉంది. మేష్టర్లు ఒక్కొక్కరే క్లాసులకు జారుకున్నారు. వరండాలో హెడ్డు, ఆవిడ, బ్యాగుతో చక్రం, ముగ్గురే మిగిలారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు. చక్రం బ్యాగు కింద పెట్టి, రుమాలు విప్పి, ప్లగ్గును అరచేతిలో పెట్టి చాచాడు. వారం రోజులు బట్టీ పట్టిన వాక్యంలో ఒక్క మాటే మిగిలింది.

"యువర్స్, మేడమ్."

హెడ్డు కంగారుపడ్డాడు. "ఏంటయ్యా ఇది?"

"పోయినసారి వచ్చినప్పుడు మేడమ్‌గారిది పోయింది కద్సార్. సోఫాలో దొరికింది. పంతొమ్మిదేళ్ళయింది. మీరు చెప్పండి సార్ ఆవిడకి. సోఫాలో ఉండిపోయిందని చెప్పండి."

హెడ్డు చెప్పాడు. ఆవిడ ప్లగ్గును చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, రెండు చిల్లులనూ చూసింది. గుర్తొచ్చినట్టు పెద్దగా నవ్వింది. నవ్వుతూనే చాలాసేపు ఏదో చెప్పి, ప్లగ్గును తిరిగి చక్రం చేతిలోనే పెట్టింది.

"ఇది ఆవిడది కాదటయ్యా," అన్నాడు హెడ్డు. "వాళ్ళ దేశంలో ఇలాంటి చిల్లులే ఉండవట. ఆవిడది ఇంటికెళ్ళి పెట్టె విప్పితే, అడుగున చెప్పుల్లో దొరికిందట."

"ఎప్పుడు సార్?"

"అప్పుడే. వెళ్ళిన రోజే."

హెడ్డు ఆ మాట కారు కేసి చూస్తూ చెప్పాడు. చక్రం మొహం కేసి చూడలేదు. అంటే ఆయనకూ అంతా గుర్తుందన్నమాట. చక్రానికి ఒక్కసారిగా ఒళ్ళు మండింది. ఆ మంట ఆవిడ మీదో, భుజం మీద చెయ్యేసి కాలం చేసిన ఆ పెద్దమనిషి మీదో, ఎదురుగా ఉన్న ఈయన మీదో తేలలేదు.

"దొరికిందని అప్పుడే ఒక్క ముక్క రాసి ఉండొచ్చు కదా అని అడగండి సార్."

హెడ్డు గొంతు సవరించుకుని ఆవిడతో ఏదో అన్నాడు. ఆవిడ సంతోషంగా తల ఊపి, చక్రం చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఊపి, చేతికర్ర ముందు లోపల పెట్టి, తను ఎక్కింది. కారు మలుపు తిరిగింది.

"ఏమడిగారు సార్?"

"మళ్ళీ తప్పకుండా రమ్మని నువ్వు కోరుతున్నావని చెప్పాను." హెడ్డు రెండడుగులు వేసి ఆగాడు. "వదిలెయ్యవయ్యా చక్రం. ఎప్పటి మాట! నీ గురించి మాకు తెలియదా?"

తెలిస్తే ఆ రోజు తల ఎందుకెత్తలేదు సార్ అని చక్రం అడగలేదు. ఆయన క్లాసుకు వెళ్ళిపోయాడు.

భార్యకు ఫోను అతనే చేశాడు. మేకు మీది తాళంచెవి తీసుకుని, గెస్ట్ హౌస్ దాకా నడుస్తూ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆవిడ వస్తువు ఆవిడ చెప్పుల్లోనే ఉంది, నేను తీయలేదు అన్నాడు. ఇన్నేళ్ళూ దాచుకున్న మాట గాలిలో ఇంత తేలిగ్గా వెళ్ళిపోతుందని అనుకోలేదు.

"మీరు తీయలేదని నాకు తెలీదేంటి," అంది ఆమె. "అవునూ, మరి ఇన్నాళ్ళూ మన బీరువాలో ఉన్నది ఎవరిదండీ?"

ఈసారి అందులో 'కదా' లేదు. నిజంగా తెలియకే అడిగింది. చక్రం నడుస్తున్నవాడు ఆగిపోయాడు. ఆవిడ కన్నా ముందు ఆ గదిలో ఎవరున్నారు? తర్వాత వారంలో ఎవరొచ్చారు? పొడుగాటి మనిషి ఒకడు, దగ్గుతూ ఉండే జంట ఒకటి, ఎవరి మొహమూ సరిగ్గా గుర్తు రాలేదు. వాళ్ళలో ఎవరో ఈ ప్లగ్గు కోసం గదంతా వెతుక్కుని, ఎవరినీ అడగకుండా వెళ్ళిపోయారు. అడగలేదు గనక దొంగతనమూ జరగలేదు. తీసుకున్నది మాత్రం తనే. ఏ పాపం ఎరగని రోజున పడిన నింద ఎనిమిది రోజులకు నిజమై కూర్చుంది.

"వింటున్నారా?" అంది భార్య.

"వస్తున్నా. ఇంకో పది నిమిషాలు."

గది తలుపు తీశాడు. దుప్పటి లాగి మడిచాడు, తువ్వాళ్ళు పోగేశాడు, కారుతున్న కుళాయి బిగించాడు, ఆవిడ ఒకసారి వాడిన సబ్బును కాగితంలో చుట్టాడు. ఆ పనులేవీ తొందరగా చెయ్యలేదు. సోఫా ముందు మోకాళ్ళ మీద కూర్చుని దిండు లేపాడు. ఈ పంతొమ్మిదేళ్ళలో దాని గుడ్డ మూడుసార్లు మారింది, కింద చెక్క మాత్రం పాతదే. రుమాలు విప్పి, ప్లగ్గును చొక్కా అంచుతో తుడిచి, మూలన పెట్టాడు. అప్పుడు కనిపించింది కాస్త ఎడమకనుకుంటా. ఎడమకు జరిపాడు. కాసేపు అలాగే కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

దిండు సర్ది, ఫ్యాను ఆపి, తాళం వేసి, తాళంచెవిని ఆఫీసు గోడ మేకుకు తగిలించి ఇంటిదారి పట్టాడు. మూసిన గదిలో, సోఫా దిండు కింద, రెండు గుండ్రటి చిల్లులు పైకి పెట్టుకుని ఆ బూడిద రంగు ప్లగ్గు ఉన్నచోట ఉంది.