కూర్చోలేని మరమనిషి

సినిమాలో మరమనిషి తొడుగు కుట్టింది ఓ దర్జీ అమ్మాయి. నటుణ్ణి నిలబెట్టి కొలతలు తీసుకుంది గానీ, కూర్చోబెట్టి చూడడం మరిచింది. తొడుగు మోకాళ్ల దగ్గర వంగలేదు. ఆ సంగతి పక్క సీట్లోని వదిన పసిగడితే ఏడాదంతా దెప్పుతుందని హాల్లో బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

లోకాన్నేలే తెలివిగల యంత్రం కథట. ఉపన్యాసాలు వినలేక సగం హాలు గుర్రుపెట్టింది. మరమనిషి సింహాసనం దాకా వచ్చి, కూర్చోలేక, దానికే చేరగిలబడి ఆజ్ఞలిస్తుంటే మాత్రం అందరూ పడీపడీ నవ్వారు.

బయటికొచ్చాక వదిన కళ్లు తుడుచుకుంటూ, "సినిమా ఉత్త చప్పిడి. ఆ కొయ్యకాళ్లే కాస్త నవ్వించాయి" అంది.

"అది నా తప్పే వదినా."

"తెలుసులేవే. మా పెళ్లికి మీ అన్నయ్యకు నువ్వు కుట్టిన ప్యాంటుతో ఆయన భోజనం కూడా నిలబడే చేశారుగా."