రాజు తింటున్నాడు

దుబాయి అల్ ఖూజ్‌లోని మా లేబర్ క్యాంపులో నా పక్క మంచం ఒబియోరాది. నైజీరియాలోని ఇగ్బో జాతి మనిషి, గోదాములో మూటలు మోస్తాడు. వాళ్ళ ఊరి రాజు పోయాడు. తర్వాతి రాజువు నువ్వేనని పెద్దలు ఫోన్ చేసి చెప్పారు.

శుక్రవారం విమానం. ఊళ్ళో అతన్ని శవంలా పడుకోబెట్టి ఏడుస్తారట. తర్వాత లేపి, ఒళ్ళంతా తెల్లసుద్ద పూసి, గద్ద ఈక గుచ్చిన ఎర్రటోపీ పెడతారట. పాత మనిషి పోయి రాజు లేచినట్టు లెక్క. అయితే ఎంపికైన క్షణం నుంచే ఒక నియమం ఉంది. రాజు తినడం ఎవరి కంటా పడకూడదు. పడిందా, రాజరికం గోవిందా. క్యాంపులో వాళ్ళ ఊరివాళ్ళు ఇద్దరున్నారు. ఊళ్ళో అడిగితే అబద్ధం చెప్పరు.

అందుకని గదిలో ఒంటరిగా తింటాడని నేను మెస్సు నుంచి పళ్ళెం తీసుకెళ్తున్నాను. క్యాంపు ఇన్‌ఛార్జి రాజశేఖర్ దారిలోనే పట్టుకున్నాడు. మా కరీంనగర్ వాడే, కుర్చీ ఎక్కాక అది మర్చిపోయాడు.

"రూముల తిండి బంద్. మెస్సుల అందరితోటి తినాలె. అంత సిగ్గయితే బాత్రూంల తినుమను."

"సార్, ఆయన రాజు."

"ఎవనికి రాజు? నాకా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒబియోరా మాత్రం ఆ రాత్రి తినకుండానే పడుకున్నాడు. మర్నాడంతా ఖాళీ కడుపుతోనే మూటలు మోసి, సాయంత్రం మెట్ల మీద కూలబడ్డాడు.

"ఇట్లయితే ఊరికి నిజంగనే శవమై పోతవ్!" అని మా క్యాంపు హిందీలో తిట్టాను. నవ్వాడు గానీ, బాత్రూంలో రాజు తినడన్నాడు.

సరే, మెస్సులోనే తింటాడు. చెయ్యి పట్టి తీసుకెళ్ళి నడిమి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. అన్నం, పప్పు వడ్డించి గట్టిగా అరిచాను.

"భాయ్, రాజు తింటుండు! అందరు అటు తిరుగుండ్రి!"

మొదట మా ఊరి రాజమౌళి తిరిగాడు. తర్వాత పఠాన్లు, నేపాలీలు, చివరికి ఒబియోరా ఊరివాళ్ళిద్దరూ. హాలంతా వీపులే. వెనక పళ్ళెం చప్పుడు వినిపించగానే నాకు ఏడుపొచ్చింది.

అంతలో రాజశేఖర్ గొంతు వినిపించింది. పళ్ళెం చప్పుడు ఆగిపోయింది.

"ఏం తమాషా ఇది, భోజన్నా?" అని నన్ను అడిగాడు.

"మెస్సులనే తింటుండు సార్. మీరు చెప్పినట్టే." నేను తల తిప్పలేదు.

"తిననీ. నేను చూస్త."

ఎవరూ కదల్లేదు. మా పళ్ళాల్లో అన్నం చల్లారిపోతోంది.

"నౌకరి పీకుత, ఖలాస్!"

"పీకుండ్రి సార్. ముందుగాల జర అటు తిరుగుండ్రి."

చాలాసేపటికి బూట్లు కిర్రుమన్నాయి. తిరిగాడో, వెళ్ళిపోయాడో మాలో ఎవరూ చూడలేదు.

పళ్ళెం చప్పుడు మళ్ళీ మొదలైంది.